ఆర్డెల్ పెద్దమ్మ కుట్టు

కిందటేడు పోయిన మా ఆర్డెల్ పెద్దమ్మ, నెబ్రాస్కాలో మా ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకు ముప్పై ఏళ్లు లీగ్ గుర్తులు కుట్టింది. దారం పళ్లతో కొరికేది, కుట్టేటప్పుడు పెదవులు బిగించేది. ఆ కాలంలో జట్టు నాలుగు లీగుల్లో, అంటే తమలో తాము పోటీపడే కాలేజీల గుంపుల్లో, ఆడింది. మారినప్పుడల్లా భుజం మీది పాత గుర్తు తీసి కొత్తది వేయాలి కాబట్టి, ఒక్క దారం లాగితే ఊడివచ్చేలా పొడుగు కుట్లు వేసేది. నాలుగో లీగులో మొదటి ఆట రోజు, క్రీడల అధికారి డ్వేన్ చెమటలు కక్కుతూ వచ్చి గుర్తును గోటితో గీకాడు. దారం లేచింది.

"ఇదేం కుట్టు తల్లీ? లీగ్ పెద్దలు వచ్చి కూర్చున్నారు. వాళ్ల ముందు ఊడిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. ఈ లీగు మనకు శాశ్వతం, తెలుసా?"

"ఈ మాట మూడుసార్లు విన్నాన్లే డ్వేనూ. ఆట అయ్యేదాకా ఉంటుందిలే. ఏదీ, గుండెమీద నేనే కుట్టిన మన కాలేజీ పేరుంది, అది పీకు చూద్దాం."

అతను రెండు చేతులా పట్టి లాగాడు. మోకాలు బల్లకు ఆనించి మళ్లీ లాగాడు. చొక్కా భుజం దగ్గర పర్రున చిరిగింది. పేరులో ఒక్క అక్షరం కదల్లేదు.

"ఆటకింక అరగంటే ఉంది," అంది పెద్దమ్మ. "ఇది కుట్టి పొమ్మంటావా, ఇప్పుడే పొమ్మంటావా?"