మునిలక్ష్మమ్మ రికార్డు చేసిన పాఠాలు

మునిలక్ష్మమ్మ పుంగనూరు గ్రంథాలయానికి లైబ్రేరియనుగా వచ్చిన రెండో ఏడు, అంటే తొంభై తొమ్మిదిలో, ఒక పొద్దున చూపు లేని మనిషి ఒకడు తన అక్క చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అటెండరు గోపాలస్వామి అతన్ని గుమ్మంలోనే ఆపేశాడు.

"ఈడ పుస్తకాలు తప్ప ఇంకేం ఉండవప్పా. పింఛను సంగతైతే మండలాఫీసుకు పోవాల."

"పుస్తకాలు ఉండాయనే వచ్చినా. మెంబరుగా చేరాల," అన్నాడతను.

అతని పేరు నల్లప్ప. శాంతిపురం పక్క గ్రానైటు క్వారీలో పనిచేసేవాడు. పేలలేదనుకున్న మందు ఆలస్యంగా పేలి రెండు కళ్ళూ పోయాయి. ముప్పయ్యేళ్ళు కూడా నిండలేదు. అక్క పూలమ్మ పుంగనూరులో ఉంటుంది కాబట్టి ఆ ఇంట్లోనే చేరాడు. పూలమ్మ టమోటా మండీలో కాయలేరే పనికి పోయేది. పోతూ పోతూ తమ్ముణ్ణి ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టి పోవాలి. అతను గ్రంథాలయం అడిగాడు.

మునిలక్ష్మమ్మ జాలిపడి పనులు చేసే రకం కాదు. ఆమె అమ్మానాన్నలు తంబళ్లపల్లె పక్క మెట్ట చేలల్లో చెనక్కాయల కూలికి పోయినవాళ్ళు. ఆమె వాయల్పాడు గ్రంథాలయంలో రోజుకూలీ కింద పుస్తకాల దుమ్ము దులపడానికి చేరి, అక్కడే చదువుకుని, పరీక్షలు రాసి ఈ కుర్చీ దాకా వచ్చింది. ఏ పని చేసినా రూలు ఏముందో ముందు చూసుకునేది. ఇప్పుడూ అదే చేసింది. చూపు లేనివాళ్ళు సభ్యులుగా చేరకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. కార్డు రాసి అతని చేతిలో పెట్టింది.

"ఏం పుస్తకం కావాలప్పా?"

"పదో తరగతివి. అన్నీ," అన్నాడు నల్లప్ప. "ఏడుతో బడి మానేసినా. ఇప్పుడు పాసు కావాల."

ఆ రోజు నుంచి జనం పలచబడినప్పుడు ఆమె అతనికి కాసేపు పేపరు, కాసేపు సాంఘికశాస్త్రం చదివి వినిపించేది. పట్టుమని నెల కాకముందే రిటైరైన హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యం గారు వచ్చి గోడమీద బోర్డు చూపించాడు. నిశ్శబ్దము పాటించవలెను అని దానిమీద ఉంది. అదీ రూలే. చదువు వరండాలోకి మారింది. వరండాలో బస్సుల మోత. అక్కడ సగం మాటలు అతనికి అందేవి కావు. అతను మాత్రం రావడం మానలేదు.

రెండువేల ఒకటిలో చిత్తూరు నుంచి కంప్యూటరు వచ్చింది. పుస్తకాల జాబితా అంతా అందులోకి ఎక్కించాలని ఆర్డరు. బిగించడానికి వచ్చినతను అరగంటలో పని ముగించుకుని బస్సెక్కేశాడు. తర్వాత దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. గోపాలస్వామి దానికి పాత కర్టెను కప్పాడు. ఆయుధపూజకు కర్టెను తీసి, కుంకుమ బొట్టు పెట్టి, పూలమాల వేసి, మళ్ళీ కప్పాడు.

"దండం పెట్టుకుంటా కూర్చుంటే పని జరగదు స్వామీ," అంది మునిలక్ష్మమ్మ. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు కాబట్టి ఆ శుక్రవారమే మదనపల్లెకు పోయి ఒక కంప్యూటరు సెంటరులో చేరింది.

అక్కడ అందరూ డిగ్రీ పిల్లలే. నేర్పే రూపకు కూడా ఇరవై నాలుగో ఐదో ఉంటాయి. మునిలక్ష్మమ్మ మౌసును రోటి పొత్రం పట్టినట్టు పట్టుకునేది. బాణం గుర్తు తెర దాటి పోతుంటే చెయ్యి బల్ల దాటి పోయేది. పక్కన పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆమె అటు చూసేది కాదు. నేర్చుకున్నది మరునాడు గ్రంథాలయం కంప్యూటరు మీద చేసి చూసుకునేది.

ఒక శుక్రవారం రూప మైకు ఒకటి తగిలించి ఆమె ముందు పెట్టింది. "ఏమన్నా మాట్లాడండి మేడం."

"ఏం మాట్లాడేది?"

రూప ఒక బొత్తాం నొక్కింది. "ఏం మాట్లాడేది?" అంది కంప్యూటరు, ఆమె గొంతుతోనే. క్లాసంతా నవ్వింది. మునిలక్ష్మమ్మ మాత్రం ముందుకు వంగి తెర వైపు చూసింది.

"దీంట్లో ఒక పుస్తకమంతా పడతాదా?"

"పుస్తకమా? యాల మేడం?"

ఆమె నల్లప్ప సంగతి చెప్పింది. రూప రికార్డరు తెరిచి చూపించింది. ఈ రికార్డరు నిమిషానికోసారి ఆగిపోతుందనీ, ఆగినప్పుడల్లా ఎర్ర బొత్తాం మళ్ళీ నొక్కాలనీ చెప్పింది. కంప్యూటరు నుంచి టేపు రికార్డరుకు వైరు వేసుకుంటే క్యాసెట్టులోకి ఎక్కించుకోవచ్చని కూడా చెప్పింది. మైకు, వైరు ఏ అంగట్లో దొరుకుతాయో కాగితం మీద రాసిచ్చింది.

గ్రంథాలయం పొద్దున పదకొండుకు మూస్తే మళ్ళీ తెరిచేది సాయంత్రం నాలుక్కే. ఆ మధ్య సమయంలో మునిలక్ష్మమ్మ తలుపులు దగ్గరికేసుకుని చదవడం మొదలుపెట్టింది. ఫ్యాను మోత మైకులోకి పడుతోందని ఫ్యాను ఆపేసేది. ఎండాకాలం అది. వీధిలో ఉప్పమ్మే మనిషి కేక పడితే మొదటికొచ్చేది. కరెంటు పోయి, దాచుకోని పాఠం మొత్తం తుడిచిపెట్టుకుపోయిన రోజులు కూడా ఉన్నాయి. తన గొంతు తాను వినడం మొదట్లో ఆమెకు ఇబ్బందిగా ఉండేది. జలుబు చేసిన మనిషెవరో మాట్లాడుతున్నట్టు అనిపించేది.

మొదటి క్యాసెట్టు తీసుకుపోయిన నల్లప్ప రెండు రోజుల తర్వాత దాన్ని తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అమ్మా, ఒక మాట సెప్తే కోపం సేసుకోరు కదా?"

"సెప్పప్పా."

"వరండాలో మీరు నాకు సదివినారు. దీంట్లో మిషనుకు సదివినారు. యాడ ఆపినారో, యాడ మొదలుపెట్టినారో తెలీలా. ఒక్క ముక్కా తలకాయలో నిలబడలా."

మునిలక్ష్మమ్మకు కోపం వచ్చింది. ఉక్కలో చెమటలు కారుస్తూ చేసిన పని.  సాయంత్రం అందరూ పోయాక ఆ క్యాసెట్టు పెట్టి కళ్ళు మూసుకుని వింది. అతను చెప్పిందే నిజం. బొత్తాం ఎప్పుడు నొక్కాల్సి వస్తుందోనన్న కంగారే ప్రతి వాక్యంలోనూ వినబడింది. మరునాడు ఆ పాఠం తుడిచేసి మళ్ళీ చదివింది. ఈసారి నిమిషం కాకముందే, వాక్యం పూర్తయిన చోట తానే ఆపుకుంటూ పోయింది. దాన్ని నల్లప్ప వెనక్కి తేలేదు.

పాఠాలు పెరిగాయి కానీ జాబితా పని వెనకబడింది. తనిఖీకి వచ్చిన అధికారి కంప్యూటరు తెరిపించి చూశాడు. పుస్తకాల్లో నాలుగో వంతు కూడా ఎక్కలేదు. కింద ఏవేవో ఫైళ్ళు కనిపించాయి. ఒకటి తెరిస్తే భూమధ్యరేఖ గురించి మునిలక్ష్మమ్మ గొంతు వినిపించింది.

"ఏందమ్మా ఇది? లైబ్రరీ పనేనా?"

"ఒక మెంబరుకు ఇచ్చే పుస్తకం సార్. ఆయప్ప కాగితం చదవలేడు. ఈ రకంగా ఇస్తా ఉండాను."

"జాబితా ఎవరు చేస్తారు?"

"నేనే సార్. ఆలస్యం చేసింది తప్పే."

అధికారి మెచ్చుకోలేదు, ఫైళ్ళు తీసేయమనీ అనలేదు. మెమో ఇచ్చి, మూడు నెలలు గడువు పెట్టి పోయాడు. ఆమె గడువులోపల జాబితా ముగించింది. ఆ మూడు నెలలూ నల్లప్పకు కొత్త క్యాసెట్టు లేదు. అతను పాతవే విన్నాడు.

లెక్కలు మాత్రం గొంతుకు లొంగలేదు. త్రిభుజాన్ని ఎంత చదివినా త్రిభుజం కాదు. మునిలక్ష్మమ్మ చీపురు పుల్లలు విరిచి, పాత అట్టలమీద బంకతో అంటించి బొమ్మలు చేసింది. నల్లప్ప వేళ్ళతో తడుముకుంటూ క్యాసెట్టు వినేవాడు. ఓపెన్ స్కూలు పరీక్షకు చిన్న తరగతి అమ్మాయి ఒకతె పక్కన కూర్చుని అతను చెప్పింది రాసింది. మొదటిసారి లెక్కల్లో పోయింది. రెండోసారి ఫలితాలు వచ్చిన రోజు మునిలక్ష్మమ్మ మదనపల్లెలో ఇంటర్నెట్ సెంటరుకు పోయి, నంబరు కొట్టి చూసింది. పాసు. అక్కడినుంచే పూలమ్మ పక్కింటికి ఫోను చేసింది. పూలమ్మ వినగానే ఫోను తమ్ముడి చేతికిచ్చింది. నల్లప్ప, "లెక్కల్లో ఎన్నొచ్చినాయమ్మా?" అని అడిగాడు.

ఆ తర్వాత అతను బెంగళూరులో శిక్షణకు పోయాడు. తెరమీది అక్షరాలను బయటికి చదివే కంప్యూటర్లు అక్కడ ఉన్నాయట, ఇంగ్లీషులో. కొన్నాళ్ళకు ఒక ఆఫీసులో టెలిఫోను ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. మొదట్లో ఫోను చేసేవాడు. పోనుపోను తగ్గింది. మునిలక్ష్మమ్మ దాన్ని తప్పు పట్టలేదు. పుస్తకం చదివేసినవాడు గ్రంథాలయానికి రోజూ ఎందుకొస్తాడు?

రెండువేల ఐదులో ఆమెకు కుప్పం బదిలీ అయింది. పుంగనూరు కంప్యూటరులో సీడీ రాసే సౌకర్యం లేదు. పాఠాలు అందులోనే ఉండిపోయాయి. ఏడాది తర్వాత తెలిసినవాళ్ళ పెళ్ళికి పుంగనూరు పోయినప్పుడు, ఖాళీ సీడీలు, అద్దెకు తెచ్చిన సీడీ రైటరు సంచిలో పెట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళింది. కొత్తగా వచ్చిన లైబ్రేరియను లక్ష్మీపతి మర్యాదగా కుర్చీ వేసి టీ తెప్పించాడు.

"వైరస్ పట్టింది మేడం. మొత్తం ఫార్మాట్ కొట్టించినాము. మీ జాబితా మటుకు ముందే కాపీ తీసి పెట్టినా, భద్రంగా ఉండాది."

"మంచి పని చేసినావు," అని ఆమె టీ తాగింది. సంచి విప్పలేదు.

కుప్పం బస్సులో పలమనేరు దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రెండు ఎండాకాలాలు ఫ్యాను లేకుండా చదివినవన్నీ పోయాయి. ఎవరిమీద కోప్పడాలో తెలియలేదు. ఇల్లు చేరాక నల్లప్పకు ఫోను చేసింది.

"ఆ క్యాసెట్లు ఉండాయా అప్పా?"

"లేవమ్మా. హాస్టల్లో ఒకాయన పరీక్షకని తీసుకపోయినాడు. ఆయన ఇంకెవురికో ఇచ్చినాడంట. యాలమ్మా?"

"ఊరికే అడిగినా."

కుప్పం గ్రంథాలయానికి ఆ ఏడే మంచి కంప్యూటరు వచ్చింది. నిమిషానికోసారి ఆగని రికార్డరు ఇంటర్నెట్ నుంచి అందులోకి ఉచితంగా దింపుకోవచ్చని, మదనపల్లె నుంచి రూప ఫోనులో చెప్పింది. తప్పు పడితే ఆ ముక్కవరకే కోసేయొచ్చు. దగ్గును కూడా తీసేయొచ్చు. శాంతిపురం నుంచి ఇందు అనే అమ్మాయి వచ్చేది, ఏడాదికేడాది చూపు తగ్గిపోతున్న పిల్ల. ఆ అమ్మాయి కోసం మునిలక్ష్మమ్మ సాంఘికశాస్త్రంతోనే మొదలుపెట్టింది. పుస్తకం తెరిచి చూస్తే పాఠాలు మారిపోయి ఉన్నాయి. కొత్త ముద్రణ. పుంగనూరులో చదివినవి ఉన్నా ఇప్పుడు సగానికి పైగా పనికొచ్చేవి కావు. అది చూసి ఆమె మనసు తేలికపడిందని చెప్పలేం. పోయినవాటి గురించి తలచుకోవడం మాత్రం మానేసింది.

ఈసారి ఒక్కతే చదవలేదు. కాలేజీ ఆడపిల్లలను నలుగురిని పిలిచి తలా ఒక పుస్తకం పంచింది. ప్రతి పాఠం రెండు సీడీల్లో ఎక్కించి ఒకటి బీరువాలో, ఒకటి తన ఇంట్లో పెట్టింది. పిల్లల్లో భవ్య అనే అమ్మాయి గొంతు బాగుంటుంది కానీ గబగబా చదివేస్తుంది.

"మేడం, టైముకు అయిపోవాల కదా," అంది భవ్య.

"ఎవురు పెట్టినారు టైము? నీకు రైలు లేదు, నాకు బస్సు లేదు," అని మునిలక్ష్మమ్మ హెడ్‌ఫోను సర్దుకుంది. "రెండో పేరా మళ్ళీ చదువు."