అత్త గీసిన గడులు

మా మేనత్త పొద్దున్నే ఆరింటికి లేచి, ముఖమైనా కడుక్కోకముందే స్కేలు వెతుక్కుంటుంది. ఏ సంగతైనా గడుల్లో పెడితేగాని ఆమె బుర్రకెక్కదు. మూడో తరగతి పంతులమ్మ కదా, బడిలో గీసి ఊరుకుంటుందనుకుంటే పొరపాటు.

ఓసారి మామయ్య "కూరలో ఉప్పెక్కువైంది" అన్నాడు. అత్త గోడ మీది కాగితం చూపించింది.

"ఈ వారం ఐదుసార్లు వంక పెట్టారు. ఆ ఐదుసార్లూ మారు వడ్డించుకున్నారు. ఇప్పుడు మీ మాట ఏ గడిలో రాయమంటారు?"

మామయ్య మరి ఉప్పు మాటెత్తలేదు.

ఆమె క్లాసులోనే నేనూ చదివాను. ఓరోజు "పట్టిక అంటే ఏంటత్తా?" అనడిగాను.

"బీరువా లాంటిదిరా. అడ్డంగా ఒక్కో అర ఒక్కో మనిషికి. నిలువుగా ఒక్కో సంగతి. ఆ సంగతేంటో పైన రాయాలి. ఒక గడిలో ఒక్కటే పెట్టాలి. నీ సంచిలోలా అన్నీ కుక్కితే నీకే దొరకవు."

ఆ ఏడు మా క్లాసులో ఒక పాప చదవమంటే మాటమాటకీ తడబడేది. బడి వార్షికోత్సవంలో స్వాగతం చదవాలని దాని ఆశ. జాబితాలో దాని పేరు హెడ్మాస్టరు కొట్టేశారు.

"అంతమంది ముందు నవ్వులపాలవుతుందమ్మా, వద్దు."

అత్త నెలరోజులుగా గీస్తున్న కాగితం తెచ్చి ఆయన బల్ల మీద పరిచింది. మూడు నిలువు వరుసలు: తేదీ, పాప ఎన్నో వంతున చదివింది, ఎన్ని తడబాట్లు.

"పిల్లల్ని రోజుకో వరుసలో పిలుస్తాను సార్. పాపని మొదట పిలిచిన రోజు ఒకటే తడబాటు. పదో వంతొచ్చిన రోజు ఏడు. ఇరవయ్యో వంతైతే పదిహేను."

"అయితే?"

"చదవడం రాక కాదు సార్. వంతు కోసం కూర్చున్నకొద్దీ భయం పెరుగుతోంది. ఇంతకీ స్వాగతం ఎప్పుడు చదివిస్తారు?"

ఆయన తల గోక్కున్నారు. "అన్నిటికన్నా ముందు."

"మరింకేం?"

"తేడా వస్తే బాధ్యత మీదే" అన్నారాయన, కొట్టేసిన పేరు మళ్లీ రాస్తూ.

వార్షికోత్సవం సాయంత్రం తెర లేచేదాకా అత్త ఆ పాపని వేదిక ఛాయలకే రానివ్వలేదు. వెనకాల వరండాలో నాతో దాగుడుమూతలాడించింది. గంట మోగగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మైకు ముందు నిలబెట్టింది. భయపడడానికి దానికి తీరికే దొరకలేదు. చదివేసింది. చప్పట్లు మోగుతుంటే, "మా అత్తే చదివించింది" అని పక్కవాడికి చెప్పాను, వాడు అడక్కపోయినా.

చివర్లో హెడ్మాస్టరు లేచి వందన సమర్పణ చేశారు. అత్త ఒళ్లో కాగితముంది. తొంగిచూశాను.

పాప, ఒకటో వంతు, తడబాట్లు రెండు.

హెడ్మాస్టరు, పద్దెనిమిదో వంతు, తడబాట్లు పదకొండు.