వదిన పిల్లి

పిల్లికి బిచ్చం పెట్టనివాడినని మా వీధిలో నాకు పేరు. అలాంటి నేను మంచం పక్కన బోర్లా పడుకుని, చేపముక్క వేళ్ళ మధ్య పట్టుకుని, "తినవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా" అని బతిమాలానంటే అదంతా మా ఆవిడ కోసం. పిల్లి వాళ్ళ అక్కది. వదినకి పిల్లాపీచూ లేరు, ఉన్నదల్లా ఈ ముసలి బూడిదరంగు పిల్లే. వదిన పోగానే దాన్ని బుట్టలో పెట్టుకుని తెచ్చింది మా ఆవిడ. "ఇది నా దగ్గర బతకాలండీ. ఇదీ పోతే అక్క నిజంగా పోయినట్టే" అంది, బుట్ట కింద పెట్టకముందే.

మాది లాండ్రీ. ఆవిడ ఉతుకుతుంది, నేను ఇస్త్రీ చేస్తాను. మురికి ఆవిడ కంట పడకూడదు. ఇంటికి చుట్టం వస్తే, అతను చెయ్యి తుడుచుకున్న తువ్వాలు అతను కూర్చునేలోగా నీళ్ళలో నానుతుంటుంది. వదిన గది ఖాళీ చేసినప్పుడు బట్టలన్నీ మూటగట్టి తెచ్చింది. ఏడుస్తూనే ఉతికింది, నాచేత ఇస్త్రీ చేయించింది, అవసరమున్నవాళ్ళకి పంచేసింది. ఇక మిగిలింది పిల్లి బుట్టలో పరిచిన దుప్పటి.

"ఊరుకోవే, పిల్లికెందుకు ఈ సోకులు?" అన్నాను.

"అక్క దుప్పటి మాసిపోయి ఉంటే నాకు మనసొప్పదు."

దాన్నీ ఉతికింది. అంచులు కలిపి మడతపెట్టింది నేనే.

పిల్లి అప్పటికే మంచం కింద దూరింది. ఆ దుప్పటి తెచ్చి పరిస్తే బయటికొచ్చింది, మూలమూలా వాసన చూసింది, మళ్ళీ మంచం కిందకి పోయి గోడకి అతుక్కుంది. ఇక పాలు ముట్టదు, చేప ముట్టదు. బల్లమీద ఇస్త్రీపెట్టె ఆనించినా వణికేది. చివరికి పశువుల డాక్టరమ్మని పిలిపించాం.

"దానికి మీ అక్కగారి వాసన కావాలమ్మా. ఆవిడ వాడిన గుడ్డ ఏదైనా ఉందా, ఉతకనిది?" అని అడిగిందావిడ.

మా ఆవిడ నా ముఖం చూసింది. "అన్నీ ఉతికేశానండీ" అంది మెల్లగా.

డాక్టరమ్మ సూదిమందు వేసి, ఇంకా తినకపోతే దక్కడం కష్టమని చెప్పి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మా ఆవిడ ఆ దుప్పటిలో ముఖం దాచుకుని చాలాసేపు ఊపిరి పీల్చింది. "సబ్బు వాసనే" అంది.

సాయంత్రం కొట్టు మూసేసి, గిన్నెలో చేప పెట్టుకుని ఆవిడ మంచం ముందు కూర్చుంది. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే గొంతు, ఫోనులో నేను ఎన్నిసార్లు బోల్తా పడ్డానో.

"ఏమే దొంగమొహమా, ఎక్కడ చచ్చావే? తిండికి రావా?" అంది అచ్చం వదినలాగే. నాకే ఒళ్ళు జలదరించింది.

పిల్లి తోక నిలబెట్టి పరుగెత్తుకొచ్చింది! గిన్నె దాటుకుని వచ్చి ఆవిడ చేతులు వాసన చూసింది. ముఖంలోకి చూసింది. ఆవిడ వెనక్కి వెళ్ళి చూసింది, తలుపు దగ్గర చూసింది, గదంతా వెతికింది. ఒక్క అరుపు అరిచి మళ్ళీ మంచం కిందకి పోయింది.

"వచ్చిందిగా! మళ్ళీ పిలువు, ఈసారి మూతి పెడుతుంది" అన్నాను ఆత్రంగా.

"పిలవను."

"చచ్చిపోతుందే పిచ్చిదానా!"

"దానికి మా అక్క ఎన్నిసార్లు చచ్చిపోవాలండీ?" అని ఆవిడ నేలమీద కూలబడి భోరుమంది.

మర్నాడు సాయంత్రం మంచం కిందనుంచి, బిగుసుకుపోయిన పిల్లిని బయటికి తీసింది నేనే.