చెన్నపట్నం నుంచి మా అరుగు దాకా

మా ఇంట్లో మధ్యాహ్నం పూట ఎవరూ తొయ్యకుండానే కొబ్బరి చిప్ప బండి కదిలేది. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. దారి వాలుగా ఉంది, గాలి వీస్తోంది, చెక్క తేమకి ఉబ్బింది అని నాకు నేనే సర్దిచెప్పుకొనేవాణ్ణి. చెప్పుకొంటూనే సరిగ్గా ఆ వేళకి చేలోకి వెళ్లిపోయేవాణ్ణి. భయం, ఇంకేమీ కాదు. ఇంత వయసొచ్చాక దాచుకోవడం ఎందుకు?

ఆ బండి మొదలుపెట్టినవాడు మా తమ్ముడు. గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజుల్లో మేమిద్దరం పడవలో కొబ్బరికాయలు వేసుకుని ధవళేశ్వరం వెళ్లాం. అక్కడ కొండ నుంచి ఏటి దాకా ఇనప పట్టాలు పరిచి, వాటి మీద బళ్లతో రాళ్లు దింపుతున్నారు. కాయలు అమ్మే పని నాకు వదిలేసి మా వాడు ఆ పట్టాల పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెవి పట్టుకు లేపితే గాని లేవలేదు. ఇంటికొచ్చాక ఇంకేముంది, అరుగంతా వాడిదే.

పట్టాలకి వెదురు బద్దలు, వాటి కింద అడ్డంగా కొబ్బరి మొద్దు చీలికలు, బండికి పెద్ద కొబ్బరి చిప్ప, చక్రాలకి తుమ్మకర్ర. మొదట్లో బండి రెండు బారలు పోయి పక్కకి దూకేది. చక్రానికి లోపలి వైపు అంచు ఉండాలని మాకు తట్టేసరికి ఒక వర్షాకాలం గడిచిపోయింది. స్తంభం దగ్గర మలుపు తిరగాలంటే బయటి బద్దని కాస్త ఎత్తుగా పెట్టాలని తెలియడానికి ఇంకో వర్షాకాలం. ధాన్యం గాదె దగ్గర ఎత్తున చీల పెట్టి బండిని ఆపేవాళ్లం. చీల తీస్తే అది తనంతట తానే వాలుకి దొర్లుకుంటూ అరుగు చివరికి వచ్చేది. తిరిగి పైకి లాగడానికి నూతి గిలక మీదుగా పీచుతాడు, తాడు చివర ఇసక కుండ. కుండ కిందికి, బండి పైకి. ఊరి వాళ్ల లెక్కలో మేము తిన్నది అరక్క తిరిగేవాళ్లం. వాళ్ల లెక్కతో మాకేం పని?

తరవాత ఎవరో ఓడ సరంగు, చెన్నపట్నంలో పొగబండి వేశారని చెప్పాడు. ఆ మాట విని మా వాడు పొగే బండిని లాగుతుందనుకున్నాడు. చెంబులో కొబ్బరి డొక్కలు రాజేసి, మూత బిగించి బండి మీద పెట్టాడు. ఇల్లంతా దగ్గులే గాని బండి జానెడు కదల్లేదు.

"పొగకి గడ్డిపరకైనా లేవదురా" అన్నాను.

"మరి దాన్ని పొగబండని ఎందుకంటారన్నయ్యా? ఉండు, చూసొచ్చి చెప్తాను" అన్నాడు.

అమ్మే అటుకులూ బెల్లమూ మూటగట్టి కోరంగి రేవుకి సాగనంపింది. వాడు తిరిగి రాలేదు. ఓడవాళ్లని అడిగితే, "చెన్నపట్నంలో దిగేడండి. తలపాగా చుట్టుకుని జనంలో కలిసిపోయేడండి" అన్నారు. పోయాడన్న కబురు లేదు, ఉన్నాడన్న కబురూ లేదు. పోయినవాడి కోసం ఏడవొచ్చు, ఉన్నవాడి కోసం ఎదురుచూడొచ్చు. ఈ రెండూ కానివాడితో ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఏళ్లు గడిచాయి. అమ్మ కళ్లకి పొరలు కమ్మాయి. ఒకనాడు నన్ను పిలిచి, "ఒరే పెద్దోడా, తమ్ముడి బండికి చెన్నపట్నం నుంచి మనూరికి దారి వేసిపెట్టరా" అంది.

వేశాను. గాదె మూల చెన్నపట్నం అయింది. మధ్యలో వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి గోదావరి అన్నాను, దాని మీద వెదురు వంతెన కట్టాను. అసలు గోదావరి దాటాలంటే పడవ తప్ప దిక్కులేని రోజులవి. దారి చివర అమ్మ మంచం. బద్దల అతుకుల మీద చక్రాలు టకటకమంటుంటే అమ్మ తల పక్కకి వాల్చి వినేది. బండి మంచం కోడుకి తగిలి ఆగగానే చెయ్యి చాపి చిప్పలో తడిమేది. ఖాళీ. "ఇవాళ రాలేదు" అనేది, పక్కూరు వెళ్లినవాడు పడవ అందుకోలేదన్నంత మామూలుగా. మా ఇంటావిడ అటు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఎవరూ తొయ్యకుండా బండి రావడం అప్పుడే మొదలైంది. గాదె దగ్గర చీల ఎవరు తీసేవారో తెలియదు. అమ్మ మంచం దిగలేదు, మా ఇంటావిడ దాన్ని ముట్టుకోదు.

ఇంటి పురోహితులైన పంతులుగారికి చెప్పాను. "జాడ తెలియకుండా పన్నెండేళ్లు దాటితే దర్భలతో బొమ్మ కట్టి దహనం చెయ్యాలండి. లేకపోతే ఆ ప్రాణికి దారి దొరకదు, ఇల్లు పట్టుకుని తిరుగుతాడు" అన్నారాయన.

అమ్మ మండిపడింది. "బతికున్నోణ్ణి తగలబెడతారా? దారి వేసేం కదా, వస్తాడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దహనం చేస్తే అమ్మకి వాణ్ణి నా చేత్తో చంపినట్టు. చెయ్యకపోతే, పంతులుగారి మాటే నిజమైతే, వాడు దిక్కులేక తిరుగుతూనే ఉన్నట్టు. దేన్నీ నమ్మని నాకు కూడా తమ్ముడి విషయంలో ధైర్యం చాల్లేదు.

అలా ఉండగా అమ్మ జబ్బుపడింది. ఇక లేవదని ఆవిడకీ తెలిసిపోయింది.

"నేను పోయేక వాడొస్తే, ఇక్కడ ఎవరుంటారురా?" అంది.

"నేనుంటానమ్మా."

"నువ్వు చేలో ఉంటావు."

మళ్లీ అమ్మే అంది. "పంతులుగార్ని పిలు. కానీ బొమ్మని తిన్నగా ఏటిగట్టుకి తీసుకెళ్లొద్దు. చెన్నపట్నంలో ఎక్కించు. ముందు వాణ్ణి ఇంటికి రానీ, ఆ తరవాత నీ ఇష్టం."

"శాస్త్రంలో ఇలా లేదండి" అన్నారు పంతులుగారు.

"శాస్త్రంలో పొగబండీ లేదు లెండి, కానివ్వండి" అని కసిరాను. ఆయన దర్భలు అందుకున్నారు.

మూరెడు బొమ్మ. నేనే చిప్పలో కూర్చోబెట్టి, పడిపోకుండా పీచుతో కట్టి, చీల తీశాను. చుట్టాలంతా వాకిట్లో నిలబడ్డారు. బండి మలుపు తిరిగి, వంతెన దాటి వచ్చి మంచం కోడుకి తగిలింది.

అమ్మ చెయ్యి చాపింది. ఈసారి చేతికి తగిలింది. పాదాల నుంచి పైకి తడుముకుంటూ పోయింది, నడుము, భుజాలు, తల. "ఎంత చిక్కిపోయేవురా నాయనా" అంది. ఒళ్లోకి తీసుకుని మజ్జిగ తెమ్మంది. మా ఇంటావిడ తెస్తే, వేలితో తడి చేసి బొమ్మకి నోరుండే చోట రాసింది. పొద్దు వాలుతోందని పంతులుగారు నా వంక చూశారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

చివరికి అమ్మే బొమ్మని నా చేతికిచ్చింది. "తీసుకెళ్లరా. ఎత్తుకునే వెళ్లు, కింద పెట్టకు. వాడు అలిసిపోయేడు."

ఏటిగట్టు దాకా ఎత్తుకునే వెళ్లాను. దర్భలకి బరువేముంటుంది? అయినా నా చేతులు లాగేశాయి. పేర్చిన కట్టెల మీద దించమని పంతులుగారు రెండుసార్లు చెప్పారు. దించలేక, వాణ్ణి గుండెకి అదుముకుని, ఊరందరి ముందూ గొల్లుమన్నాను.