వాన అడిగిన మా అత్త

మా మేనత్త పోయింది. మామ పాండిచ్చేరి నుంచి ట్రంక్‌కాల్ చేసి చెప్పినప్పుడు నేను మద్రాసులో, హాస్టల్ ఆఫీసులో నిలబడి ఉన్నాను. ఏడుపు కంటే ముందు ఒక ప్రశ్న వచ్చింది.

"చివర్లో ఏమైనా అడిగిందా మామా?"

"అడిగింది పాపా. 'వాన ఇయ్యి' అనింది. ఇచ్చినా. తాగింది. అట్నే కండ్లు మూసుకునింది."

గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. చావు కబురు విని తేలికపడటం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆ వాన సంగతి తెలిస్తే అనిపించదు.

మా అమ్మ నా పసితనంలోనే పోతే, పాండిచ్చేరి ఒర్లియంపేటలోని తన ఇంట్లో ముగ్గురు కూతుళ్ళ పక్కన నన్నూ పడుకోబెట్టుకుంది అత్త. ఆ ఇంటి తెలుగు తరాల నాటిది, తమిళం కలవనిదే ముద్ద దిగదు. వీధి కుళాయి దగ్గర తగువులన్నీ అత్తే తీర్చేది. ఇటు తిరిగి ఒకామెను తెలుగులో, అటు తిరిగి ఇంకొకామెను తమిళంలో తిట్టి, వరుస పెట్టి, ఇద్దరి బిందెలూ నింపించి పంపేది.

అంత నోరున్న మనిషికి ఒక్కటి చేతనయ్యేది కాదు. మాలో ఎవరినీ మొదటిసారే సరైన పేరుతో పిలిచేది కాదు.

"ఏమే జయా... కాదు, వసంతా... ఛ, రాణీ... నువ్వే, చక్రాల కాళ్ళదానా! యాడకే పోతా ఉండావు?"

ఆ చివరిది నేను. కాలుగాలిన పిల్లిలాగా ఒకచోట కూర్చోనని ఆ పేరు. నా పేరు మరిచిపోయావా అని వెక్కిరిస్తే తడుముకోకుండా అనేది: "మరిచిపోయేది ఏందే? వాకిట్లో నిలబడి ఒకదాన్ని పిలిస్తే నలుగురూ పరిగెత్తుకొస్తారు గదా! నోట్లోనూ అంతే. ఎవతి ముందు తోసుకుంటే అది బయట పడుతుంది."

ప్రేమ పొంగినప్పుడు మాత్రం ఈ గొడవ లేదు. నలుగురికీ ఒకటే పిలుపు: "తల్లీ."

రెండేళ్ళ కిందట అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, నోరు ఒక పక్కకు జారింది. నేను బస్సు దిగి ఆసుపత్రికి పరిగెత్తేసరికి ముగ్గురు కూతుళ్ళూ వరండాలో గోడకానుకుని ఏడుస్తున్నారు. వార్డు తలుపు దగ్గర నర్సు నన్నూ ఆపింది.

"దగ్గరికి పోవద్దమ్మా," అంది తమిళంలో. "ఎవరు కనిపించినా తళ్ళి, తళ్ళి అంటున్నారు."

తమిళంలో ఆ మాటకు 'పక్కకు జరుగు' అని అర్థం. మాకూ అలవాటైన మాటే. బిందె దారికి అడ్డముంటే "తళ్ళి పెట్టవే" అనేది అత్తే.

"అమ్మకు మనం వద్దంట," అంది జయ వదిన ముక్కు చీదుతూ.

నేను తలుపు సందులోంచి చూశాను. అత్త కళ్ళు వాకిలి మీదే ఉన్నాయి. బాగున్న ఎడమ చేత్తో మంచం అంచును తడుతోంది. చిన్నప్పుడు మమ్మల్ని పక్కలోకి పిలిచేటప్పుడు తట్టినట్టే. నోరు జారిన మనిషి నాలుకకు ల, ళ తేడా ఎక్కడ దొరుకుతుంది?

"సిస్టర్, జరగమనడం లేదు! తల్లీ అంటోంది. మా భాషలో తల్లి అంటే అమ్మ. ఆడపిల్లల్ని ముద్దుగా అట్లా పిలుస్తాం."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఐయో, ఈమె పిలిచినవాళ్ళనంతా నేనే బయటికి తరిమేశానే!" అంటూ తనే తలుపు బార్లా తీసింది.

తర్వాత డాక్టరు చెప్పాడు. నీళ్ళు అనబోతే మన మెదడులో నీళ్ళ చుట్టాలన్నీ, వాన, బావి, చెంబు, అన్నీ ఒకేసారి లేస్తాయట. మిగతావాటిని కూర్చోబెట్టి ఒక్కదాన్ని నోటికి పంపాలి. ఈమెకు ఆ కూర్చోబెట్టడమే సడలింది, తెలివి ఎక్కడికీ పోలేదు అన్నాడు. నాకు కుళాయి దగ్గరి బిందెలు గుర్తొచ్చాయి. ఊరందరికీ వరుస పెట్టిన మనిషికే వరుస తప్పింది.

ఇంటికొచ్చాక ఉప్పు చక్కెర అయింది. గొడుగు చెప్పులయింది. మామ ఒక్కోసారి పాలవాడయ్యాడు. ముదలియార్‌పేట నుంచి చూడవచ్చిన చుట్టం ఒకావిడ "పాపం, మతి చెడింది" అని గొణిగితే, అత్త తల ఎత్తి, "చెడింది నీ గుమ్మడికాయ!" అంది. తల అనబోయిందని అందరికీ తెలిసింది. ఆవిడకు మరీ బాగా తెలిసింది.

నా భయం ఒక్కటే. నేను మద్రాసులో ఉన్నప్పుడు అత్త ఏదో అడిగి, ఎవరికీ అర్థంకాక, దాహంతో అట్లాగే పడుకుండిపోతే? చదువు మానేసి ఉండిపోతానన్నాను. అత్తకు కోపం వచ్చింది. "రా! రా!" అని అరిచింది. ఎడమ చేయి మాత్రం నన్ను బస్టాండు వైపు తోస్తోంది. నేను చేతి మాట విన్నాను.

మామ ఎప్పుడూ దిద్దలేదు. వాన అడిగితే, "సరి సరి, ఇదో వస్తా ఉంది వాన," అంటూ లేచి నీళ్ళ చెంబు అందించేవాడు. ఆయనకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఈ రాసినదంతా నేనే చదివి వినిపించాలి.

నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. గది కడిగారు, పక్కబట్టలు తీసేశారు. మంచం పక్కన స్టూలు మీద చెంబు మాత్రం అట్లాగే ఉంది. తీసి పెరట్లో వంపబోయాను.

"ఉండనీ పాపా," అన్నాడు మామ.

మళ్ళీ స్టూలు మీద పెట్టాను. కిటికీలోంచి పడిన ఎండకు చెంబు లోపల మెరుస్తోంది, సగం దాకా వాన.