స్టూడియోలో రొయ్యల తొట్టి

పోచమ్మమైదాన్ నుంచి కాశిబుగ్గకు పోయే దారిలో జ్ఞానప్రకాశం ఫోటో స్టూడియో ఉండేది. ముందు ఫోటోలు తీసే గది, వెనుక డార్క్‌రూం, ఆ వెనుక ఆయన వండుకు తినే చోటు. మనిషి పొడవు, మాట తక్కువ. ఆ గంభీరమైన ముఖం చూస్తే చాలు, పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు. భార్య ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. మరియమ్మ కెమెరా పక్కన నిలబడి గిలక్కాయ ఆడిస్తూ, పిల్లిలా అరుస్తూ పిల్లల్ని నవ్వించేది. ఆయన మీట నొక్కేవాడు, అంతే.

డెబ్బై ఆరులో మరియమ్మ పచ్చకామెర్లతో పోయింది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ తర్వాత జ్ఞానప్రకాశం ఆ గిలక్కాయే పట్టుకుని ఆడించబోతే పిల్లలు ఇంకా ఎక్కువ ఏడ్చారు. తల్లులు విసుక్కుని వేరే స్టూడియోకు పోవడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో చేపలమ్మే సమ్మమ్మ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పిల్ల ఎంతకీ ఊరుకోలేదు. సమ్మమ్మ విసుగ్గా తన గంపలోంచి చిన్న డబ్బా తీసి పిల్ల ముందు పెట్టింది. అందులో నీళ్లు, నీళ్లలో అమ్ముడుపోని చిట్టి రొయ్యలు, ఇంకా ప్రాణంతోనే ఉన్నాయి. పిల్ల ఏడుపు టక్కున ఆగింది. నోరు తెరిచి చూస్తోంది.

"తియ్యి తమ్మీ, తియ్యి!" అంది సమ్మమ్మ.

పోయేటప్పుడు డబ్బా అక్కడే వదిలేసింది. "నువ్వుంచుకో. వచ్చిన పిలగాండ్లకు చూపెట్టు."

ఆయన ఇనుప చట్రానికి అద్దాలు బిగించి, సందుల్లో లప్పం పెట్టించి ఓ తొట్టి చేయించాడు. దాన్ని కెమెరాకు ఎడమవైపు చిన్న ముక్కాలిపీట మీద పెట్టాడు. గిరాకీ మళ్లీ వచ్చింది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఇప్పటికీ గోడలకున్న కొన్ని పసిపిల్లల ఫోటోలు చూడండి. ఒక్కరూ కెమెరావైపు చూడరు. పక్కకు, కాస్త కిందికి, కళ్లు విప్పార్చుకుని చూస్తుంటారు.

తలుపులు మూశాక జ్ఞానప్రకాశం కంచం తెచ్చుకుని తొట్టి ముందే తినేవాడు. రొయ్యల ఒళ్లు అద్దంలా ఉండేది, తిన్న మెతుకు లోపలికి పోవడం కూడా కనిపించేది. ఒకదాని పొట్టకింద గుడ్లు కనిపించిన రోజున ఆయన సమ్మమ్మ కోసం గుమ్మంలోనే ఎదురుచూశాడు. చేపలు అమ్ముడయ్యాక ఆమె వచ్చి గడప మీద కూర్చుని ఆకువక్క నములుతూ ఆయన చెప్పేదంతా వినేది. వారంలో ఆయన మాట్లాడే మాటలన్నీ దాదాపు ఆ గడప దగ్గరే.

ఎనభై ఒకటి చివర్లో పాత కోట ఖిలాలోని గుంటలోంచి పచ్చటి నాచు తెచ్చి, అందంగా ఉంటుందని తొట్టిలో వేశాడు. కొన్నాళ్లకు అద్దం మీద తెల్లటి దారపుముక్కల్లాంటి పురుగులు కనిపించాయి. పాకినట్టు లేదు, నూనె జారినట్టు జారేవి. తల బాణం మొనలా ఉండేది. రొయ్యపిల్లలు తగ్గుతూ వచ్చాయి. గుడ్లున్న రొయ్య మీద రెండు పురుగులు చుట్టుకుని ఉండడం ఆయన ఒకరోజు కళ్లారా చూశాడు. కోపమొచ్చి, దొరికిన పురుగునల్లా బ్లేడుతో అద్దం మీదే కోశాడు. ముక్కలు చావలేదు. దేనికదే మళ్లీ పురుగై తిరిగింది.

"మెతుకులు ఎక్కువేస్తానవ్ తమ్మీ, అందుకే గివి బలిసినయి," అంది సమ్మమ్మ. "కోడి కార్జం ముక్క గుడ్డల కట్టి దారంతోని దింపు. వాసనకు వచ్చి పట్టుకుంటయి."

అలాగే చేశాడు. తెల్లారి తీస్తే గుడ్డ నిండా పురుగులే. ఉడుకు నీళ్లలో పడేశాడు. అయినా రెండో వారానికి మళ్లీ అద్దం మీద జారుతున్నాయి.

మాఘమాసం వచ్చింది. ఆ ఏడు మేడారం జాతర. మొక్కున్నవాళ్లు పిల్లల పుట్టువెంట్రుకలు తీయించే ముందు ఓ ఫోటో తీయించుకునేవారు. స్టూడియోకు అదే పెద్ద గిరాకీ. సమ్మమ్మ కూడా ఇంటిల్లిపాదితో బండి కట్టుకుని బయలుదేరింది. పోతూ పోతూ చెప్పింది. "నేనొచ్చినంక ఇద్దరం జేద్దాం. రొయ్యల్ని ఏరి బకెట్లేద్దాం, నాచు పారేసి తొట్టి ఎండబెడ్దాం. జర ఆగు."

"గిరాకీ ఇప్పుడే గదక్కా."

"పిల్లలు పుడ్తనే ఉంటరు. యాడికి పోతరు?"

ఆ మర్నాడే ఒకామె కొడుకును తొట్టికి ఎదురుగా కూర్చోబెట్టి, అద్దం మీద పురుగుల్ని చూసి కెవ్వుమంది. "పురుగులున్న నీళ్లకాడ పిలగాన్ని కూసోబెట్టమంటవా? కడుపులకు పోతే ఎవరిది పూచీ?" అని బిడ్డను చంకనేసుకుని పోయింది. బయట నిలబడ్డ ఇంకో ఇద్దరు కూడా ఆమె వెంటే పోయారు.

ఎదురుగా పురుగుమందుల దుకాణం భాస్కర్‌ది. అతనే పురుగులు చావడానికని నీలంరంగు మైలతుత్తం పలుకు పొట్లం కట్టిచ్చాడు.

"రొయ్యలకేం గాదా?" అని అడిగాడు జ్ఞానప్రకాశం.

"చిటికెడుకు ఏమైతది సార్."

పలుకును నలిపి నీళ్లలో వేశాడు. కాసేపటికే రొయ్యలు పైకెగిరి అద్దానికి కొట్టుకోసాగాయి. తర్వాత ఒక్కొక్కటే పక్కకు ఒరిగింది. అద్దంలాంటి ఒళ్లు ఉడికించినట్టు తెల్లబడింది. ఆయన చెంబుతో నీళ్లు తోడిపోశాడు, బావినీళ్లు నింపాడు, మళ్లీ తోడాడు. చొక్కా అంతా తడిసింది. మధ్యాహ్నానికి అన్నీ అడుగున ఉన్నాయి. పురుగులూ ముడుచుకుని వాటి మధ్యే పడి ఉన్నాయి. జాతరకు పోయే జంట ఒకటి బిడ్డతో గుమ్మంలో నిలబడితే, "ఇయాల లేదు," అని తలుపు వేశాడు.

సమ్మమ్మ మేడారం బెల్లం పట్టుకుని వచ్చేసరికి తొట్టి బయట గోడవారగా బోర్లించి ఉంది.

"అన్నీ పోయినయా?"

"అన్నీ. పురుగులు గూడ సచ్చినయక్కా," అన్నాడాయన, అదేదో మేలైనట్టు.

సమ్మమ్మ గడప మీద కూర్చుంది. "రొయ్య మాత్రం పురుగసొంటిది గాదా తమ్మీ? దాన్ని సంపే మందు దీన్నెట్ల ఇడుస్తది?" అంది. తిట్టినట్టు కాదు, మెల్లగానే అంది. "ఫికర్ జెయ్యకు. మల్ల తెస్త."

తెచ్చింది కూడా. ఆయన డబ్బా మూత తీయకుండానే తిరిగిచ్చేశాడు. "నాతోని కాదక్కా. కండ్లు మూస్తే అవే కొట్టుకుంటానయి."

ఆ తర్వాత ఆయన పసిపిల్లల ఫోటోలు మానేశాడు. పాస్‌పోర్టు సైజు, పరీక్షల ఫారాల ఫోటోలు, అవే. ఎనభై నాలుగులో సమ్మమ్మ కొత్తగా పుట్టిన మనవణ్ణి తెచ్చి ఒడిలో పెట్టుకుని అడిగింది. "ఒక్కటి తియ్యి, నా కోసం." ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె లేచింది. కొంగు కప్పి బిడ్డను వేరే స్టూడియోకు తీసుకుపోయింది. గడప దగ్గరికి రావడం తగ్గించింది, తర్వాత మానేసింది. ఆయనా కబురు పంపలేదు.

ఎనభై ఆరు వానల్లో సమ్మమ్మ జ్వరంతో పోయిందని చేపల మార్కెట్‌లో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. అప్పటికే మట్టి చేసి నాలుగు రోజులైంది. ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. కొడుకు కట్టయ్య చాప వేసి చాయ్ ఇచ్చాడు.

"సార్, దినాలకు పెట్టుకుందామంటే అమ్మ ఫోటువ ఒక్కటి లేదు. మీ కాడ ఉంటదని రేపే వద్దామనుకున్న."

జ్ఞానప్రకాశం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆమె కూర్చున్న గడపకు ఎదురుగానే అన్నేళ్లూ కెమెరా ఉంది.

"లేదు కట్టయ్యా."

"ఒక్కటి గూడనా?"

"ఆమె అడగలే. నాకూ తోచలే."

కట్టయ్య వచ్చిన చుట్టాలను పలకరించడానికి లేచిపోయాడు. జ్ఞానప్రకాశం చల్లారిన చాయ్ మొత్తం తాగి, గ్లాసు తానే కడిగి అరుగు మీద బోర్లించి, వానలోనే నడిచి వచ్చాడు.