అత్త మోకాలూ సముద్రపు పోటూ

మా మేనత్త పెళ్ళయిన ఏడాది నుంచీ బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. వీధి గదిలో కిటికీ కింద ఆమె మిషను, కాలితో తొక్కేది. దాని ఇనప పలక మడమలు ఆనేచోట నున్నగా అరిగిపోయింది. ఈమధ్య ఆమె మోకాలూ అలాగే అరిగింది. సెలవులకి సముద్రం దగ్గరికి బయలుదేరేముందే ఆమె కొడుకు, అంటే మా బావ, తేల్చి చెప్పాడు.

"అక్కడ ఒక్కసారి కాలునొప్పి అన్నావంటే, తిరిగొచ్చిన రోజే మిషను అమ్మేస్తా."

"అమ్ముకో. నేను నొప్పంటే కదా!"

అనలేదు. లాడ్జి మెట్ల మధ్యలో ఆగిపోయి, పెచ్చులూడిన గోడను చూసి రంగు బాగుందంది గానీ, నొప్పి అని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున సముద్రం వెనక్కి తగ్గి నల్లరాళ్ళు బయటపడ్డాయి. రాళ్ళ సందుల్లో నీళ్ళు గుంటలుగా నిలిచాయి. బావ ఇసుకలో మొహం మీద పేపరు కప్పుకుని పడుకున్నాడు. ఉద్యోగం లేనివాడికి సెలవేమిటో తెలీక నేను అత్త వెంట వెళ్ళాను.

ఒక గుంటలో రాతికి అంటుకుని ఎర్రటి సముద్రపు పువ్వు కనిపించింది. పేరుకే పువ్వు, అది జంతువని చెప్పాను. ఆమె వినిపించుకోకుండా వేలు పెట్టింది. సంచికి నాడా లాగినట్టు అది ముడుచుకుపోయింది.

"కుచ్చులు ఎంత సమంగా ఉన్నాయిరా!"

పక్కనే ఓ సన్యాసి పీత నత్తగుల్లలో దూరి, దాన్ని ఈడ్చుకుంటూ పోతోంది.

"పాపం, దీనికి కొలత తప్పింది. భుజాల దగ్గర పట్టేస్తోంది."

నేను ఒడ్డుకి వచ్చేశాను. కాసేపటికి అక్కడ తిరిగే కాపలామనిషి అరిచాడు.

"అమ్మగారూ, పోటు మొదలైంది! వచ్చేయండి!"

మా ఇంట్లో పోటంటే ఒకటే, మోకాట్లో పొడిచేది. సముద్రం పొంగడాన్నీ పోటంటారని అత్తకి తెలీదు. కొడుకు తన నొప్పి సంగతి ఊరంతా చాటేశాడనుకుందట.

"పోటూ లేదు, గీటూ లేదు! నీకెవడు చెప్పాడు?"

"ఒకరు చెప్పేదేంటమ్మా, కనిపిస్తూనే ఉందిగా!"

కుంటడం అంత దూరానికి తెలిసిపోతోందా అని ఆమెకి రోషం వచ్చింది. కొంగు బిగించి, నడుం నిటారుగా పెట్టి, ఇంకో రాయి ముందుకి దాటింది.

"మొండిఘటం!" అంటూ కాపలామనిషి ఈల ఊదాడు.

ఈలకి బావ లేచేసరికి ఆమెకీ ఒడ్డుకీ మధ్య నీళ్ళు. రాయి దిగాలంటే మోకాలు వంగాలి. వంగలేదు. బావ నడుంలోతు నీళ్ళలో వెళ్ళి ఆమెను వీపున ఎక్కించుకున్నాడు.

"నొప్పి ఉందా లేదా? నిజం చెప్పు," రొప్పుతూ అడిగాడు.

"ఉంది."

"అయితే మిషను..."

"నొప్పి కాలికిరా, చేతులకి కాదు. దానికి మోటారు పెట్టించు."

"ఒడ్డుకొచ్చాం, ముందు దిగమ్మా."

"మాటిస్తే దిగుతా."

జనం గుమిగూడారు. కాపలామనిషి నవ్వాపుకోలేక అటు తిరిగాడు. వీపు మీద తల్లి ఉండగా ఎవడు మాత్రం ఏం చేస్తాడు? బావ మాటిచ్చాడు.

మోటారు బిగించాక అత్త మునుపటికన్నా ఎక్కువ చొక్కాలు కుడుతోంది. బడివాళ్ళు అది గమనించి ఇంకా ఎక్కువ గుడ్డ పంపుతున్నారు.